పల్లపు రేవులో దోసిలి

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి పేరు వెండేరు. ఏటి ఒడ్డున ఒక రాజ్యం, ఆ రాజ్యానికి వీరసోముడనే రాజు.

అక్కడొక ఆచారం ఉండేది. ఏటేటా కొత్తనీరు తేరుకోగానే రాజు కోటకు ఎగువనున్న రాతిరేవులో దిగి, అందరూ చూస్తుండగా దోసెడు నీళ్లు తాగేవాడు. "వెండేటి నీరు మంచిది!" అని దండోరా వేసేవారు. ఇక ఏడాది పొడుగునా ఆ నీళ్లు బాగాలేవని ఎవరూ అనకూడదు. చూశారా, ఎంత సులువైన పాలనో!

రాతిరేవు దాటాకే అద్దకంవారు రంగుతొట్లు ఏట్లోకి వొంపేవారు. కోట మురుగు, ఏనుగుల లద్దె కూడా అక్కడే కలిసేవి. అన్నీ మోసుకుని ఏరు పల్లంపాడు చేరేది.

రాజును పెంచిన దాది నాంచారమ్మది ఆ ఊరే. ఆమెకు మిగిలింది మనవరాలు మంగ ఒక్కతే. ఆ పిల్ల వాంతులతో మంచం పట్టింది. నాంచారమ్మ కోటకు వచ్చి గోడు చెప్పుకుంది.

"నేను తాగిన నీళ్లేగా అమ్మా! నాకేమీ కాలేదే" అన్నాడు రాజు.

"నువ్వు తాగే రేవు వేరు, మేం తాగే రేవు వేరు నాయనా."

రాజు నొచ్చుకుని అద్దకంవారిని కొరడాలతో కొట్టించాడు. వాళ్లు చీకటి పడ్డాక వొంపసాగారు. కోట మురుగు ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాంచారమ్మ మళ్లీ వచ్చింది. రాజు ఆమె ఇంటికి బండి మీద రాతిరేవు నీళ్లు పంపించాడు. మంగ ఒక్కతే తాగితే వీధిలో పిల్లలు ఊరుకుంటారా? మధ్యాహ్నానికే బాన ఖాళీ అయి, మళ్లీ ఏటి నీళ్లే దిక్కయ్యాయి.

మూడోసారి ఆమె వచ్చింది ఆచారం రోజునే. కళ్లలో తడి లేదు.

"మంగ పోయింది నాయనా. ఈ ఏడు మా రేవులో దిగు."

 రాజు ఆమె వెంట నడిచాడు. పల్లంపాడు చేరి, అక్కడి పల్లపు రేవులో దిగి దోసిలి పట్టాడు. నీళ్లు నల్లగా ఉన్నాయి, కంపు కొడుతున్నాయి. చేతులు పైకి లేవలేదు.

"తాగినట్టు నటించండి ప్రభూ" అని గొణిగాడు మంత్రి.

పక్కనే ఒక తల్లి అవే నీళ్లు బిందెలో ముంచుకుంటోంది. రాజు సిగ్గుతో కుంగిపోయాడు.

"ఈ నీరు మంచిది కాదు. తప్పు నాది. అలాగే దండోరా వేయండి!" అన్నాడు.

ఆనాడే కొత్త శాసనం చేశాడు: ఏట్లోకి మురుగు వదిలేవారెవరైనా, ఆ మురుగు కలిసిన చోటుకు దిగువనే తమ తాగునీరు ముంచుకోవాలి. మొదట కోట వంటశాల, ఆ తరువాత అద్దకంవారు. రాజు దోసిలి పట్టేది ఇక పల్లపు రేవులోనే.

కోటలో గగ్గోలు పుట్టింది. మర్నాటినుంచే మురుగుకు గుంటలు తవ్వారు, లద్దె పొలాలకు తోలారు. అద్దకంవారు రంగునీళ్లు ఇంకుడుగుంటల్లోకి మళ్లించారు. ఏడాది తిరిగేసరికి పల్లపు రేవులో అడుగున ఇసుక కనబడింది.

రాజు అక్కడ దోసెడు నీళ్లు తాగి నాంచారమ్మ వైపు చూశాడు.

"బాగున్నాయి నాయనా. మా మంగకే అందలేదు" అందామె.



పిల్లలూ, అందరికంటే దిగువనున్నవాడు తాగే నీళ్లే పాలకుడూ తాగాలి. అప్పుడే ఏ తల్లీ ఆలస్యంగా వచ్చిన మంచినీళ్ల ముందు ఏడవదు.