నూకరత్నం నీలిమందు

పాలకొల్లులో కాలవ పక్క వీధిలో నూకరత్నం అనే ఆవిడ ఉండేది; తెల్లబట్టలు ఉతకడంలో ఆవిడకు సాటి లేరు, కానీ ఆ పని ఇంకొకరికి నేర్పాలంటే మాత్రం ఆవిడకు మనసొప్పేది కాదు.

పంతుళ్ల పంచెలు, డాక్టర్ల కోట్లు, చర్చికి కట్టుకెళ్లే తెల్ల చీరలు అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. తెల్లబట్టకు సబ్బు ఒక్కటే చాలదు. మురికి వదిలాక కూడా పసుపు చాయ ఒకటి మిగిలిపోతుంది. దాన్ని కనబడకుండా చేసేది నీలిమందు. ఎక్కువైతే బట్ట నీలమవుతుంది, తక్కువైతే వెలవెలబోతుంది. ఆ నీళ్లు కలిపేటప్పుడు నూకరత్నం వంటగదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది.

కోడలు భవాని ఆ ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది. రంగుబట్టలు ఉతకడం, నీళ్లు మోయడం, ఇస్త్రీ చేయడం ఆమె పని. తెల్లబట్టల జోలికి మాత్రం వెళ్లకూడదు.

"అత్తా, నడుము పట్టేసి లేవలేకపోతున్నావు. నీలిమందు ఎలా కలపాలో చెబితే ఆ పని నేను చూసుకుంటాను కదా," అనేది భవాని.

"అదీ నేర్పేస్తే ఇంక నాతో పనేముందే మీకు?" అనేది నూకరత్నం.

ఆ మాట కోపంగా వినబడేది కానీ, అసలు ఉన్నది భయం. భర్త పోయాక ఆవిడ కొడుకును పెంచింది ఆ తెల్లబట్టల మీదే. వీధిలో నలుగురూ ఆవిడను ఆపి పలకరించేది ఆ పనితనం చూసే. అదీ చెయ్యి జారిపోతే తనను ఎవరు పట్టించుకుంటారని ఆవిడ బెంగ. అందుకే ఎంత అలసినా ఆగేది కాదు. బట్టల సోడా కలిపిన నీళ్లకు వేళ్ల సందులు ఒరుసుకుపోయేవి. సాయంత్రానికి అన్నం కలుపుకోవడానికి చెయ్యి వంగేది కాదు, చెంచాతో తినేది. తెల్లారితే మళ్లీ ఉతుకుబండ దగ్గరే ఉండేది.

ఒక వేసవిలో సువార్తమ్మ అనే ఆవిడ పాత నూలు చీర ఒకటి తెచ్చింది.

"ఇది మా అమ్మ పెళ్లిచీర, రత్నం. అమ్మ పోయి ఏడాదైంది. మా అమ్మాయి కెజియాను పెంచింది ఆవిడే కదా, పెళ్లికి ఇదే కట్టుకుంటానని ఆ పిల్ల పట్టుబట్టింది. పెట్టెలో ఉండి పచ్చబడిపోయింది. గురువారానికి తెల్లగా చేసివ్వగలవా?"

"నా చేతిలో పెట్టారుగా, ఇంక మరిచిపోండి అమ్మగారూ," అంది నూకరత్నం.

ఆవిడ చీరను సబ్బునీళ్లలో నానబెట్టింది. బండకేసి కొట్టకుండా మెల్లగా పిసికి, జాడించి, ఎండలో పరిచింది. పసుపు చాలావరకు వదిలింది. ఇంక నీలిమందు పెట్టడమే మిగిలింది. సరిగ్గా ఆ సాయంత్రమే ఆవిడకు జ్వరం వచ్చింది. కీళ్లన్నీ బిగుసుకుపోయాయి.

"ఎంత వెయ్యాలో చెప్పత్తా. నేను ముంచి ఆరేస్తాను," అంది భవాని మంచం పక్కన నిలబడి.

"రేపటికి లేస్తాను. ఆ చీర ముట్టుకోకు."

మర్నాడు ఆవిడ తల కూడా ఎత్తలేదు. సాయంత్రం చీర కోసం వస్తామని సువార్తమ్మ కబురు పంపింది. భవాని మంచం వైపు చూసింది. చీర వైపు చూసింది. ఇంక ఆగలేక, తొట్టిలో నీళ్లు నింపి, నీలిమందు పొడి చల్లి, చీరను ముంచింది. పొడి కరగలేదు. మడతల్లోకి పోయి పట్టుకుంది. చీర ఎత్తి చూస్తే కొంగు నిండా సిరా చల్లినట్టు నీలం మరకలు.

గోడ పట్టుకుని నూకరత్నం పెరట్లోకి వచ్చింది. "ఏం పని చేశావే!" అంటూ చెయ్యెత్తింది.

భవాని కదల్లేదు. "ఏం చెయ్యమంటావత్తా? అవతల ఆడపిల్ల పెళ్లి. నువ్వా లేవలేదు. అడిగితే చెప్పలేదు. నువ్వు ఆ పొడిని ఏం చేస్తావో నేనెప్పుడైనా చూశానా?"

ఎత్తిన చెయ్యి కిందికి దిగిపోయింది. నూకరత్నానికి కోప్పడే ఓపిక కూడా లేదు. తొట్టి పక్కన కూలబడింది.

"గుడ్డలో మూట కట్టాలి," అంది నెమ్మదిగా. "ఆ మూటను నీళ్లలో పిసకాలి. దోసిట్లోకి తీసుకుంటే రంగు కనీకనబడకుండా ఉండాలి."

"అంతేనా?"

"అంతే."

"ఈ రెండు ముక్కలకేనా అత్తా, ఇన్నేళ్లూ తలుపు వేసుకున్నావు?" అంది భవాని.

నూకరత్నం నిమ్మకాయలు తెప్పించింది. ఆవిడ చెబుతుంటే భవాని నిమ్మరసం కలిపిన నీళ్లలో చీరను నానబెట్టి, జాడించి, మళ్లీ నానబెట్టింది. మరకలు ఒక్కొక్కటే వదిలాయి. కొంగు చివర రెండు మాత్రం లేతగా మిగిలిపోయాయి. ఇంకా రుద్దితే పాత నూలు చిరిగిపోతుంది.

వాళ్లు వచ్చేలోపే, ఆ జ్వరంలోనే నూకరత్నం కోడలి భుజం పట్టుకుని సువార్తమ్మ ఇంటికి వెళ్లింది. "తప్పు నాది, అమ్మగారూ. దీన్నేమీ అనకండి. నేర్పమని ఇది ఎన్నోసార్లు అడిగితే నేనే నేర్పలేదు," అంది. సువార్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కెజియా చీర తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పెళ్లికి ఆ పిల్ల ఆ చీరే కట్టుకుంది. చూసినవాళ్లెవరికీ మరకలు తెలియలేదు. కానీ ఫోటోలు తీస్తున్నంతసేపూ కెజియా కొంగు చివరను గుప్పిట్లో మూసి పట్టుకునే ఉందని తర్వాత సువార్తమ్మ చెప్పింది. అది విన్న రోజు నూకరత్నం అన్నం ముట్టలేదు.

జ్వరం తగ్గింది కానీ కీళ్లు మునుపటిలా కాలేదు. ఆవిడ పెరట్లో పీట వేసుకుని కూర్చుని, తనకు తెలిసినదంతా కోడలికి చెప్పింది. కొత్త రంగు తువాలుతో తెల్లబట్ట కలిపి నానబెట్టకూడదని చెప్పింది. చెమట మరకను ముందు చన్నీళ్లలోనే వదిలించాలని, గంజి పలచగా పెట్టాలని చెప్పింది. భవాని ప్రతి బట్టా తెచ్చి చూపించేది. "ఇది సరిపోయిందా అత్తా?" అని అడిగేది. కొన్నిటికి ఆవిడ తలూపేది, కొన్నిటిని మళ్లీ ఉతికించేది.

ఒక మధ్యాహ్నం భవాని తెల్ల పంచెలన్నీ తీగ మీద ఆరేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఇంకేం లేదత్తా. అన్నీ అయిపోయాయి. కాసేపు నడుం వాల్చు," అంది.

నూకరత్నం పంచెల వంక ఒకసారి చూసింది. వంకపెట్టడానికేమీ కనబడలేదు. చాప మీద ఒరిగి, పట్టపగలే నిద్రపోయింది.

తెలిసిన పనిని దాచుకునేవాళ్లకు చివరికి మిగిలేది అలసటే. చేతుల్లో సత్తువ ఉండగానే నేర్పినవాళ్లకు తోడు దొరుకుతుంది.