జమీందారుగారి వెచ్చటి కారు

పూర్వం కోనవరం జమీందారు జగ్గభూపతిగారు ఒక కారు కొన్నారు. అందులో వెచ్చటి గాలి ఊదే హీటరు ఉందని ఆయన చెప్పుకోని చోటు లేదు. ఆ చలికాలం వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని కొండమీది బంగళాకు బయలుదేరారు.

ఘాటు రోడ్డు సగం ఎక్కేసరికి హీటరు చల్లటి గాలి ఊదసాగింది. డ్రైవరు పైడయ్యకు వేళ్లు కొంకర్లు పోయి స్టీరింగు మీద పట్టు తప్పుతోంది. పక్కనేమో లోయ.

"దొరా, చల్లగాలి వస్తోందండి. హీటరుకు వేడినిచ్చే రేడియేటరు నీళ్లు తగ్గాయేమో, ఒక్కసారి ఆపి చూస్తాను" అన్నాడు.

వియ్యంకుడి ముందు పరువు పోతుందని జమీందారు శాలువాలోంచే గుడ్లురిమారు. "నా కారుకు రోగమా? లోపల కుంపటిలా ఉంది. నోరు మూసుకుని నడుపు!"

"చిత్తం" అని పైడయ్య తన పక్క అద్దం పూర్తిగా దించేశాడు. పొగమంచు రివ్వున లోపలికొచ్చింది.

"ఒరేయ్! అద్దం ఎందుకు దించావురా?" జమీందారు పళ్లు టకటకలాడాయి.

"కుంపటిలా ఉందన్నారు కదండీ. తమకు ఉక్కపోస్తుందేమోనని..."

"ఉక్కా? చలికి చచ్చిపోతున్నాం! ముందది మూయరా!"

"మూసేస్తానండి. మరి హీటరు సంగతి?"

వియ్యంకుడు దుప్పట్లో మొహం దాచుకుని నవ్వాడు. జమీందారు అటు తిరిగి, "ఆపి చూడు" అని గొణిగారు.

వాగు పక్కన కారాపి, ఇంజను చల్లారాక పైడయ్య రేడియేటరు నిండా నీళ్లు పోశాడు. కాసేపటికి వేడిగాలి వచ్చింది, జమీందారుకు కునుకూ వచ్చింది.

తిరుగు ప్రయాణంలో వియ్యంకుడు వెనక సీటు వదిలేసి పైడయ్య పక్కన కూర్చున్నాడు. కారు సంగతి ఉన్నదున్నట్టు తెలిసేది అక్కడేనట.