పెద్దేటి ఒడ్డున వీరశిల

అమరగిరి రాజు సోమదేవుడికి ఏదైనా తోచిందంటే ఆ పూటే జరిగిపోవాలి. యుద్ధం గెలిచి వచ్చాక ఒకనాడు ఆయనకు మేదరిపాలెం గుర్తొచ్చింది. వరద మీదున్న పెద్దేటిని సైన్యం దాటిందంటే ఆ పాలెం వాళ్ళు వెదురుతో అల్లిన పుట్టీల చలవే. గంపల్లాంటి ఆ పడవల్ని శత్రువుల బాణాల మధ్య వాళ్ళే నడిపారు. కొందరు తిరిగి రాలేదు. వాళ్ళ పేరున ఏటి ఒడ్డున వీరశిల నిలపాలని రాజు సభలో చెప్పాడు.

దళవాయి కొండమరాజు లేచాడు. సైన్యాన్ని నడిపించింది తను కాబట్టి పైన తన పేరు, బిరుదులు ఉండాలన్నాడు. చోటు మిగిలితే అడుగున మేదరుల ముచ్చట వేయవచ్చన్నాడు. ఆయన బిరుదులకు కొండంత రాయి కూడా చాలదని సభకంతా తెలుసు.

పాలెం తరఫున వచ్చిన ఓబులమ్మ తల వంచుకుంది. ఆమె కొడుకు సింగన్న ఆ ఏట్లోనే పోయాడు.

యుద్ధం గెలిపించిన దళవాయిని కాదనలేక రాజు, తనకు తాంబూలం అందించే తిప్పన వైపు చూశాడు.

"దళవాయిగారి మాట న్యాయమే ప్రభూ," అన్నాడు తిప్పన. "కాకపోతే చదువురానివాళ్ళకూ తెలియాలి కదా. పేరు కింద ఆయన ఏరు దాటిన బొమ్మ కూడా చెక్కిద్దాం. ఉన్నది ఉన్నట్టు."

దళవాయి మీసం దువ్వుకుని, బొమ్మ నిలువెత్తున ఉండాలన్నాడు.

ఏరు దాటిన రోజు తిప్పన, దళవాయి వెనకే వచ్చిన పుట్టిలో ఉన్నాడు. ఓబులమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, ఆయన్ని దాటించింది నువ్వే కదా. ఎలా కూర్చున్నారో శిల్పికి చెప్పు."

ఆమె తటపటాయించింది. రాజు చెప్పమన్నాడు.

"పుట్టి గిరగిరా తిరుగుతుంటే ఎవరికైనా బెదురే దేవరా. కళ్ళు మూసుకుని నా కొంగు పట్టుకున్నారు. 'అమ్మా, ఒడ్డొచ్చిందా' అని ఒకటే అడగడం. 'వచ్చేసింది నాయనా' అంటూ నేను తెడ్డేశాను."

సభ నవ్వు బిగబట్టుకుంది. తిప్పన వినయంగా అడిగాడు.

"దళవాయిగారూ, కొంగు ఎంత పొడుగు చెక్కమంటారు?"

దళవాయి ముఖం కందగడ్డయింది. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది.

"బొమ్మా వద్దు, నా పేరూ వద్దు," అన్నాడు. "అందరికన్నా ముందు పుట్టి నడిపి బాణాలకు ఎదురెళ్ళింది సింగన్న. పైన అతని పేరు చెక్కించండి."

ఓబులమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. అంతదాకా బిగబట్టుకున్న సభంతా గొల్లున నవ్వేసింది. రాజు నవ్వుతూ తన చేతి కంకణం తీసి తిప్పనకు తొడిగాడు.