తిట్ల అసిరమ్మ తెచ్చిన నడక బండి

సముద్రం ఊరికి ఇప్పటికన్నా నాలుగు బారలు దగ్గరగా ఉండే రోజుల మాట. ఆ ఒడ్డున ఒక జాలరిపేట. ఆ పేటలో ఎండుచేపలమ్ముకునే అసిరమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక గంప, ఒక నోరు.

ఆ నోరంటే పేటంతా హడలు. దారికడ్డొస్తే తిట్టేది. బేరం తెగకపోతే తిట్టేది. ఎవరూ దొరక్కపోతే గాలిని తిట్టేది. "నీ మీసం ఎండ్రకాయ పట్టుకెల్ల!" అందంటే ఎంతటి మొనగాడైనా మీసం తడుముకునేవాడు.

పక్క గుడిసె గురువులుది. తెప్ప మీద వేటకెళ్లేవాడు. అతని కూతురు పైడి. ఎనిమిదేళ్లొచ్చినా ఆ పిల్ల కాళ్ల మీద నిలబడలేదు. ఆ గుమ్మం ముందు నుంచి పోయేవాళ్లంతా "అయ్యో పాపం" అనేవారు. వస్తూ అయ్యో పాపం, పోతూ అయ్యో పాపం. అసిరమ్మ ఒక్కతే అనేది కాదు. "ఒలే పైడీ, పొద్దెక్కినాది, ఇంకా జుట్టు దువ్వుకోనేదేటే, దెయ్యం మొకమా!" అని అందరి పిల్లల్ని తిట్టినట్టే తిట్టేది. ఆ తిట్టు కోసం పైడి తెల్లారగానే గడపలో కాచుకుని కూర్చునేది.

ఒకనాడు ఊళ్లు తిరిగే వైద్యుడొకాయన వచ్చి, పైడి కాళ్లు పట్టి చూశాడు.

"సత్తువ పూర్తిగా పోలేదు. మోకాళ్లకి ఇనప బద్దలు పెట్టి తోలు పట్టీలు కట్టించండి. పసిపిల్లల మూడు చక్రాల నడక బండి ఉంటుంది కదా, అలాంటిది ఈ పిల్ల ఎత్తుకి చేయించి రోజూ నడిపించండి. పరిగెడుతుందని చెప్పను. నడుస్తుంది."

పట్నం వడ్రంగి చెప్పిన వెల విని గురువులు తెప్ప అమ్మేస్తానన్నాడు.

"తెప్పమ్మి ఏటి తింతావురా, ఇసకా?" అని అసిరమ్మ గంప నెత్తికెత్తుకుంది.

బండికి డబ్బు పోగుచెయ్యాలని మొదట పడవల ఆసామి ఇంటికెళ్లి గొంతు సవరించుకుంది. అంతే, ఆయన పరిగెత్తుకొచ్చాడు. "తల్లీ, లోపల వియ్యంకులున్నారు. నోరెత్తకు, ఇది ఉంచు!" అని చేతిలో డబ్బు పెట్టాడు.

తర్వాత ఒక అత్తాకోడళ్ల ఇల్లు. అత్తని తిట్టమని కోడలు దొడ్డిదారిన డబ్బిచ్చింది. కోడల్ని తిట్టమని అత్త వీధి గుమ్మంలో ఇచ్చింది. అసిరమ్మ ఇద్దర్నీ తీరిగ్గా, ఎవరికీ తక్కువ కాకుండా తిట్టిపోసింది. ఇద్దరూ తృప్తిపడ్డారు.

మూడో ఇల్లు ఉప్పు వ్యాపారిది. పెద్ద మొత్తం దొరుకుతుందనుకున్నది అక్కడే. ఆ ముసలాయనకి బ్రహ్మచెవుడు. అసిరమ్మ తిట్టింది. ఆయన నవ్వాడు. ఇంకా గట్టిగా తిట్టింది. పాట వింటున్నట్టు తలూపాడు. మూడోసారి తిట్టబోయి ఆగిపోయింది. తిట్టడం వచ్చుగాని అడగడం ఆమెకి రాదు. పుట్టి బుద్ధెరిగాక ఒకరి ముందు చెయ్యి చాచింది లేదు. గంప దించి ఉప్పుకుప్ప పక్కన కూలబడింది. తెల్లటి ఉప్పు మీద రెండు వేళ్లు నిలబెట్టింది. వేళ్లు వాలిపోయాయి. మళ్లీ నిలబెట్టి మెల్లగా నడిపించింది. నడిపిస్తుంటే కళ్లలో నీళ్లు జారి ఉప్పులో పడ్డాయి.

ముసలాయన వంగి చూశాడు. "ఎవరమ్మా? నీ బిడ్డా?"

అసిరమ్మ కాదని తలాడించబోయి, ఆగి, అవునని ఊపింది.

తక్కువైనదంతా ఆయనే ఇచ్చాడు.

బండి వచ్చింది, పట్టీలు వచ్చాయి. పైడి లేచింది, పడింది. చుట్టూ చేరినవాళ్లు "అయ్యో" అన్నారు.

"ఎవుల్రా అయ్యో అన్నది? ఆ నాలిక కాకులకేసేత్తాను! లెగే పైడీ!"

లేచింది, పడింది. లేచింది, పడింది. వానలు వచ్చిపోయాయి. ఒక పొద్దున ఎవరో అసిరమ్మ తలుపు దబదబా బాదారు. తీస్తే ఎదురుగా బండి, బండి పట్టుకుని పైడి.

"అత్తా, పొద్దెక్కినాది, ఇంకా తొంగున్నావేటే, దెయ్యం మొకమా!"

అసిరమ్మ గబగబా లోపలికెళ్లి దువ్వెన వెతుక్కుంది.

ఏళ్లు గడిచి అసిరమ్మ పోయింది. పాడె సముద్రం వైపు కదిలింది. పైడి బండి తోసుకుంటూ వెనకే బయల్దేరింది. గట్టి నేల అయిపోయి ఇసుక వచ్చింది. చక్రాలు దిగబడిపోయాయి. గురువులు కూతుర్ని ఎత్తుకోబోయాడు.

"వద్దయ్యా. నానే నడిసెల్తాను."

పాడె మోసేవాళ్లు ఆగారు. పడవల ఆసామి తన పడవలోంచి ఒక చెక్క తెచ్చి చక్రాల ముందు పరిచాడు. ఇంకొకడు ఇంకో చెక్క తెచ్చాడు. అత్తాకోడళ్లు ఇంటి తలుపు ఊడదీసి, చెరో కొస పట్టుకుని మోసుకొచ్చారు. పైడి దాటిన చెక్కని తీసి ముందు వేశారు. దాటింది తీశారు, ముందు వేశారు. ఎవరూ తొందరపెట్టలేదు. పొద్దు వాలే వేళకి పైడి నీళ్ల దాకా నడిచింది.

ఆ చెక్కలకి మరిన్ని చేర్చారు, ఇప్పటికీ ఉన్నాయి. గుడిసెల దగ్గర్నుంచి అలల దాకా పరిచి ఉంటాయి. సముద్రం లాక్కుపోతే మళ్లీ పరుస్తారు. ఎవరు కొత్త పడవ కట్టించినా తొలి చెక్క అక్కడ వెయ్యాల్సిందే. అసిరమ్మ బాట అంటారు దాన్ని. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో నడవలేని పిల్లల్ని బళ్ల మీద తీసుకొస్తారు. మొదటి అల పాదాలకి తగలగానే ఆ పిల్లలు కేరింతలు కొడతారు. వలలు బాగుచేసుకునేవాళ్లు చేతిలో పని ఆపేసి, అది వింటారు.