వాక్యం మధ్యలో మనిషి

ఓబులేసుకు కావలసింది ఒకే ఒక్క క్రియ. పత్తికొండలో పుట్టింట్లో కూచున్న పెళ్లాన్ని ఆదోనికి లాక్కొచ్చే క్రియ.

అలాంటిది ఇంగ్లీషులో ఉంటే వహాబ్ సారుకే తెలిసుండాలి. వహాబ్ సారంటే ఎవరనుకున్నారు. ఆయన వ్యాకరణం చెప్పేటప్పుడు ఆదోని పత్తిమిల్లుల సైరన్లు గొంతు తగ్గించుకునేవి. ఆయన దగ్గర చదివినవాడు లండన్లో దిగితే అక్కడి పోలీసులు వచ్చి వాడినే దారి అడిగేవాళ్లు. ఇందులో నేను కలిపిందేమీ లేదు. కలపడం నాకు చేతకాదు.

సారు ఇంటి ముందు గదే మా బడి. సాయంత్రం పూట చాపల మీద మేము, గోడవార స్టూలు మీద సారు. ఆయన వెనక వంటింటి గుమ్మం, దానికి వెలిసిపోయిన నీలం పరదా.

సారు చెప్పే పాఠాలన్నిటికీ రాజు లాంటి పాఠం ఒకటుండేది. ఫలానా మనిషి ఫలానా పని చేయాలని నేను కోరుతున్నాను, అడుగుతున్నాను, ఆజ్ఞాపిస్తున్నాను అని ఇంగ్లీషులో చెప్పే పద్ధతి. ముందు నేను. తర్వాత క్రియ. ఆ తర్వాత ఒక మనిషి. చివర ఆ మనిషి చేయాల్సిన పని.

ఈ పాఠానికి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. వాక్యం చెప్పి ఊరుకుంటే కుదరదు. మధ్యలో ఎవరి పేరు పెట్టామో ఆ మనిషి లేచి నిజంగా ఆ పని చేయాలి. కిటికీ తెరవమంటే తెరవాలి. నీళ్లు తెమ్మంటే తేవాలి.

"మధ్యలో మనిషి కదలకపోతే వాక్యం పూర్తి కాలేదని లెక్క" అనేవారు సారు.

వీధికి అడ్డంగా పడుకున్న గేదె లేవాలని కోరుతున్నాను అని నేనొకసారి వాకిట్లో నిలబడి అన్నాను. నా ఉచ్చారణ వినీ వినగానే ఆ గేదె లేచి, మర్యాదగా పక్కకు జరిగి, నేను లోపలికి పోయేదాకా అలాగే నిలబడింది. చూసినవాళ్లు ఆదోనిలో ఇంకా ఉన్నారు.

సారు చెప్పే వాక్యం మాత్రం ఏళ్ల తరబడి ఒకటే. "ఐ వాంట్ జుబేదా టు బ్రింగ్ టీ." జుబేదా టీ తేవాలని నా కోరిక. ఆ మాట ముగియడమే ఆలస్యం, నీలం పరదా కదిలేది. సారు భార్య జుబేదమ్మ పళ్లెం నిండా గాజు గ్లాసులతో వచ్చేది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ ఒక్క వాక్యమే.

"నా పెళ్లయిన కాడ్నించి ఇదే ముక్క చెప్తాండాడు. మీ సారుకు ఇంగో పాఠం వస్తాదో రాదో అడగండప్పా" అనేది గ్లాసులు పంచుతూ. మాకంటే ముందు సారే నవ్వేవారు.

ఆ ఎండాకాలం జుబేదమ్మ పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. నలభై దినాల ఫాతెహా ప్రార్థనలు అయ్యాక సారు బడి తలుపులు తెరిచారు. ఏమని పలకరించాలో తెలియక అందరం తలలొంచుకుని చాపల మీద కూచున్నాం.

ఓబులేసు ముందు వరసలో కూచున్నాడు. సారు శిష్యుల్లో నా తర్వాత అంతటివాడు అతనే. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరయ్యాడు. అయినా సాయంత్రమైతే చాప వదిలేవాడు కాదు. అతని భార్య సువర్ణకు కర్నూలు ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. ఓబులేసు వద్దన్నాడు. ఆమె మారుమాట్లాడకుండా పుట్టింటికి పోయి, సోమవారం అట్నుంచి అటే కర్నూలు బస్సెక్కుతానని కబురు పెట్టింది.

"అడిగినా సార్. చెప్పినా. ఆజ్ఞాపించినా. మీరు నేర్పిన మెట్లన్నీ ఎక్కినా" అన్నాడు ఓబులేసు.

"బతిమాలినావా?"

"నేను బతిమాలేదేంది సార్? ఇంగా గట్టి క్రియ ఏదన్నా ఉంటే చెప్పండి. అది వింటే మధ్యలో మనిషి తిరిగి మాట్లాడకూడదు."

వెనక చాప మీంచి రజాక్ అందుకున్నాడు. "ఆ క్రియ దొరికితే నాక్కూడా రాసియ్యి ఓబులేసూ. మా ఆమెకు ఒకటి చాలదు, రెండు కావల్ల."

అందరం నవ్వాం. ఇన్నాళ్లకు ఆ గదిలో నవ్వు వినిపించిందని నాకు ప్రాణం లేచొచ్చింది. సారు నవ్వలేదు. ఓబులేసు వైపు కొంచెంసేపు చూశారు.

"టీ తాగుదాం" అన్నారు.

తర్వాత మామూలుగా, ఎప్పటి గొంతుతోనే అన్నారు.

"ఐ వాంట్ జుబేదా టు బ్రింగ్ టీ."

మా నవ్వు ఆగిపోయింది. సారు పరదా వైపు తిరిగారు. గాలి కూడా లేదు. పరదా కదల్లేదు.

 

జుబేదా టీ తేవాలని అడుగుతున్నాను అన్నారు సారు, ఇంగ్లీషులోనే. ఆగారు. చెబుతున్నాను అన్నారు. ఆగారు. ఆజ్ఞాపిస్తున్నాను అన్నారు. క్రియ పెరిగేకొద్దీ ఆయన గొంతు తగ్గింది. ఆఖర్న బతిమాలుతున్నాను అన్నది ముందు వరసకు తప్ప వినపడలేదు.

మిల్లు సైరన్ మోగింది. ఎప్పటిలాగే, గట్టిగానే మోగింది.

సారు లేచి, పరదా తొలగించుకుని లోపలికి వెళ్లారు.

స్టవ్‌కు పంపు కొట్టిన చప్పుడు. ఆరిపోతే మళ్లీ కొట్టిన చప్పుడు. ఒక డబ్బా మూత తీశారు, పెట్టారు. ఇంకో డబ్బా. ఇంకోటి. ఏదో కింద పడి దొర్లింది.

ఓబులేసు సగం లేచాడు. "సార్, నేను రానా?"

"కూచో" అని లోపల్నుంచి వచ్చింది.

చాలాసేపటికి సారు పళ్లెం పట్టుకుని వచ్చారు. పళ్లెంలో గ్లాసుల్లో ఉన్నంత టీ ఒలికి ఉంది. బొటనవేలు కాల్చుకున్నట్టున్నారు, తడిగుడ్డ చుట్టుకున్నారు. జుబేదమ్మ పంచినట్టే ఒక్కొక్కరి దగ్గరా వంగి గ్లాసు ఇచ్చారు. ఆ వంగడం ఆయనకు అలవాటు లేదు.

టీలో చక్కెర లేదు.

రజాక్ మొహం చిట్లించబోయి మానుకున్నాడు. మాటలతో కోటలు కూల్చిన నేను గ్లాసులోకి చూస్తూ కూచున్నాను. ఓబులేసు ఒక గుక్క తాగాడు.

"ఇంట్లో చక్కెర అయిపోయిందా సార్? నేను తెస్తా."

"ఉంది" అన్నారు సారు. స్టూలు మీద కూచున్నారు. "ఎక్కడో ఉంది."

ఇంకో గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి అన్నారు. "వాక్యం నాకు తెలుసు ఓబులేసూ. చక్కెర ఎక్కడుందో ఆమెకు తెలుసు."

ఆ రోజు ఇంకేం పాఠం జరగలేదు.

సోమవారం పొద్దున్నే ఓబులేసు పత్తికొండకు బయల్దేరాడు. నన్ను తోడు తీసుకుపోయాడు. నా మాటకు కొండలు కదులుతాయని ఊళ్లో పేరుంది కదా. దారి పొడుగునా నేను సువర్ణకు చెప్పాల్సినవన్నీ సిద్ధం చేసుకున్నాను. ఓబులేసు మాత్రం కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూచున్నాడు.

మేం వెళ్లేసరికి సువర్ణ ట్రంకు పెట్టెలో చీరలు సర్దుతోంది. మమ్మల్ని చూసి చేతులాపి లేచి నిలబడింది. అతను ఏం చెబుతాడో, దానికి తను ఏం అనాలో అన్నీ అనుకుని పెట్టుకున్న మొహం అది.

ఓబులేసు గడప దాటకుండానే అడిగాడు. "నువ్వేం చేద్దామనుకుంటాండావు?"

సువర్ణ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"ఎవర్ని?"

"నిన్నే."

ఆమె ట్రంకు పెట్టె మీద కూచుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. "కర్నూలు పోతా" అంది.

ఓబులేసు తలూపాడు. ఆమె లేచాక పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. నేను పట్టుకొస్తానన్నా ఇవ్వలేదు. బస్టాండు దాకా తనే మోశాడు. నేను సిద్ధం చేసుకున్న మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

పెట్టె బస్సు మీదికెక్కింది. సువర్ణ కిటికీ పక్కన కూచుంది. డ్రైవరు బండి కదిలించబోతుంటే ఓబులేసు కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"సువర్ణా, మనింట్లో చక్కెర ఎక్కడుంటాది?"

ఆమె అతని మొహంలోకి చూసింది. కళ్లు నిండినా గొంతు మామూలుగానే ఉంది.

"పై అరలో. ఎర్ర మూత డబ్బా."

బస్సు కదిలింది. దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడి, ఆదోని బస్సు వైపు నడిచాం. పక్కన ఓబులేసు చిన్నగా ఏదో అంటున్నాడు. చెవి పెట్టి విన్నాను.

"పై అర. ఎర్ర మూత. పై అర. ఎర్ర మూత."