కరిగండు దాచిన జ్వరం

తుమ్మలకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు ఉండేవి. ఆ అడవి అంచున ముళ్ళకంచె వెనక సింగమ్మ పెంచే పందుల దొడ్డి ఉంది. దొడ్డికి పెద్ద కరిగండు అనే మగపంది. తొట్టిలో తవుడు పోస్తే మొదట దాని మూతే పడాలి. దాని జంట పేరు మచ్చమ్మ. వాటి కూతురు చుక్కి. చుక్కికి తండ్రి అంటే ప్రాణం. తండ్రి ఎలా నడిస్తే అలాగే నడిచేది.

ఒక వానాకాలం దొడ్డిలో జ్వరాలు మొదలయ్యాయి. బురదలోని కంటికి కనిపించని క్రిములు, ఒంటి మీది చిన్న గాయాల గుండా పందుల లోపలికి దూరాయి. ఒళ్ళు కాలిపోయింది. చర్మం మీద ఎర్రటి మచ్చలు పలకల్లా లేచాయి. కీళ్ళు వాచాయి.

మచ్చమ్మ తిండి మానేసి గోడవారన పడుకుంది. సింగమ్మ అది చూసి పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన మచ్చమ్మకు సూది వేసి, "ఇంకేవైనా నలతగా ఉన్నాయా?" అని అడిగాడు.

కరిగండుకూ జ్వరమే. కానీ అది మచ్చలు కనిపించకుండా బురదలో పొర్లి వచ్చి, తొట్టి దగ్గర నిలబడి గబగబా తవుడు మింగింది.

"దానికేం బాబూ, గుండ్రాయిలా ఉంది," అంది సింగమ్మ.

"నీ ఒళ్ళూ కాలుతోంది మావా. వెళ్ళి సింగమ్మ ముందు పడుకో," అని మచ్చమ్మ బతిమాలింది.

"నేను పడుకుంటే రేపు నన్నెవరు లెక్కచేస్తారు?" అంది కరిగండు.

చుక్కి ఆ మాట విన్నది. దానికీ పొద్దుటి నుంచి వణుకుగానే ఉంది. అదీ బురదలో పొర్లి, వెళ్ళి తండ్రి పక్కన నిలబడింది. మచ్చమ్మ వద్దని అరిచింది. లేచి వెళ్ళే ఓపిక మాత్రం దానికి లేదు.

కొన్నాళ్ళకు మచ్చలు మాయమయ్యాయి. "చూశారా? సూది లేకుండానే తగ్గింది!" అంటూ కరిగండు దొడ్డంతా తిరిగింది. చుక్కి దాని వెనకే తిరిగింది.

కానీ జబ్బు పోలేదు. నెత్తుటితో పాటు ప్రయాణం చేసి గుండెకు చేరింది.

"అమ్మా, నాలుగడుగులు వేస్తే ఊపిరి అందడం లేదు," అంది చుక్కి ఒకరోజు. "నాన్నకు చెప్పకు."

మచ్చమ్మ దాన్ని మూతితో నెట్టుకుంటూ తీసుకెళ్ళి సింగమ్మ కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది. డాక్టరు వచ్చి గుండె చప్పుడు విన్నాడు.

"లోపల గుండె వాచిపోయింది, సింగమ్మా. సూది వేస్తాను. ఆశ మాత్రం పెట్టుకోకు," అన్నాడు.

మర్నాడు కరిగండు కూతురి దగ్గరికి వచ్చింది. "లేమ్మా, తవుడు పోశారు. ఇవాళ మొదట నువ్వే తిను," అంది. చుక్కి కదల్లేదు. "నీకు జబ్బని నాకెందుకు చెప్పలేదమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. చెప్పడానికి చుక్కి లేదు.

ఆ వారం తిరక్కుండానే కరిగండు నడుస్తూ నడుస్తూ కూలిపోయింది. డాక్టరు కోసి చూస్తే గుండె కవాటాల మీద గోబీపువ్వులా కండ పెరిగి ఉంది.

"మొదట్లోనే సూది పడి ఉంటే రెండూ బతికేవి," అన్నాడాయన.

మచ్చమ్మ బతికింది. ఎందుకు బతికానా అని చాలాకాలం ఏడ్చింది.

తర్వాత సింగమ్మ దొడ్డిలోకి కొత్త పందిపిల్లల్ని తెచ్చింది. వాటిలో ఒకటి కుంటుతూ, "నాకేం కాలేదు," అంది. మచ్చమ్మ దాన్ని సింగమ్మ కంటపడేలా ఎదురుగా పడుకోబెట్టి, తనూ పక్కనే పడుకుంది.

"నీకు పిల్లలున్నారా?" అని అడిగింది ఆ పిల్ల.

మచ్చమ్మ దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

నీతి: ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం అవమానం కాదు. గొప్ప కోసం జబ్బు దాచుకునే పెద్దలు తమ ప్రాణంతో పాటు, తమను చూసి నేర్చుకునే పిల్లల ప్రాణాలూ పోగొడతారు.