లప్పం పెట్టిన తలుపు

అయ్యవారు కామేశంగారు ఎవరేమడిగినా సూటిగా జవాబిచ్చిన పాపాన పోలేదు. "నీకేదో పనుందన్నావే, పద" అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టేవారు. అడిగినవాడు నోరు మూసుకుని వెంట నడవాల్సిందే.

ఆ రోజు అడిగినవాడు పైడిరాజు. సొంత కారు బాడుగకు తిప్పుకునే మనిషి. మూడు నెలల క్రితం తెల్లారగట్ల ఆ కారు తూము గోడను గుద్దేసింది. పక్క సీట్లో ఉన్న బావ అక్కడికక్కడే పోయాడు. ఆవు అడ్డొచ్చిందని పైడిరాజు ఊరందరికీ చెప్పాడు, అక్క గౌరికీ అదే చెప్పాడు. గుమ్మంలోకొచ్చే ఆవుకి రోజూ కుడితి పోసే గౌరి, అప్పట్నుంచి దాన్ని చూస్తే చాలు కర్ర అందుకుంటోంది. నిజానికి ఆవూ లేదు, దూడా లేదు. "నీ కళ్లు మూతలు పడుతున్నాయిరా, ఆపి టీ తాగుదాం" అని బావ రెండుసార్లు అన్నాడు. "పావుగంటలో ఇంట్లో ఉంటాం బావా" అని ఇతను ఆపలేదు. ఆ పావుగంటలోనే కునుకు పట్టింది. ఈ సంగతి తెలిసిన రెండో మనిషి ఇప్పుడు లేడు.

"అయ్యవారూ, మూడు నెలలుగా మీ కాళ్ల దగ్గరే కూచుంటున్నాను. చెప్పిన జపమల్లా చేస్తున్నాను. గుండెలో బరువు దిగడం లేదు. మంచి గురువును పోల్చుకోవడం ఎలాగండీ?" అన్నాడు పైడిరాజు. ఎదురుగా ఉన్న గురువునే ఆ మాట అడిగాడంటే ఎంత వేసారిపోయి ఉండాలో మీరే చూడండి.

అయ్యవారికి కోపం రాలేదు. "మీ అక్క ఆ కారు వంక చూడలేకపోతోందట కదా. ముందు దానికో మంచి షెడ్డు పోల్చుకుందాం, పద" అన్నారు.

ఇంజను బాగానే ఉంది. ఎడమ తలుపూ, ముందు మడ్‌గార్డూ మాత్రం లోపలికి పోయాయి. అలాగే తోలుకుంటూ మొదటి షెడ్డుకి వెళ్లారు. అక్కడ అద్దాల గది, గోడ నిండా రంగుల కార్డులు. ఆ షెడ్డు ఆసామి కారు చుట్టూ ఒక్క తిరుగు తిరిగి, "సొట్ట పూడేలా లప్పం పెట్టి రుద్ది రంగు కొట్టేస్తాం సార్. వారం తర్వాత దెబ్బ ఎక్కడ తగిలిందో మీరే వెతుక్కోవాలి" అని నవ్వాడు. ఏ రంగు కావాలో తప్ప మరేమీ అడగలేదు. పైడిరాజు ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఇంకొకటి కూడా చూద్దాం" అన్నారు అయ్యవారు.

రెండోది రేకుల పాక. కాసిం అనే ముసలి మేస్త్రీ తలుపు ముందు గొంతుక్కూర్చుని, అరచేత్తో ఆ సొట్టనంతా తడిమాడు. చాలాసేపటికి, "దెబ్బ ఎలా తగిలింది బాబూ?" అన్నాడు.

"ఆవు అడ్డొచ్చింది. తప్పించబోయాను."

కాసిం మళ్లీ తడిమాడు. "తప్పించి ఉంటే రేకు గీసుకుపోయేది బాబూ. ఇది తిన్నగా వెళ్లి కొట్టింది, స్టీరింగు తిప్పినట్టే లేదు. రేకు ఏ దారిన లోపలికెళ్లిందో ఆ దారినే బయటికి తేవాలి. ఉన్నది చెప్తేనే నా సుత్తి ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలుస్తుంది."

"నువ్వేమైనా పోలీసువా? నీ పని నువ్వు చూసుకో!" అని పైడిరాజు అరిచి, కారెక్కి తలుపు దబాలున వేసుకున్నాడు. అయ్యవారు వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు. కారు మొదటి షెడ్డుకే వెళ్లింది.

వారం తర్వాత కారు తళతళలాడుతూ గౌరి గుమ్మం ముందు ఆగింది. అయ్యవారూ వెంట వచ్చారు. గౌరి బయటికొచ్చి, భర్త కూర్చున్న వైపు తలుపును మెల్లగా నిమిరింది. "ఏమీ తెలీడం లేదు తమ్ముడూ. బాగా చేయించావు" అని కళ్లు ఒత్తుకుంది.

అంతలో ఆవు పాత అలవాటు కొద్దీ గుమ్మంలోకొచ్చి మోర చాపింది. గౌరి కర్ర అందుకుంది. "నీ జాతి నాశనంగానూ! నా మనిషిని మింగింది చాలదా?" అంటూ దాని నడుం మీద శక్తికొద్దీ కొట్టింది. మళ్లీ కొట్టింది.

"అక్కా!" అన్నాడు పైడిరాజు.

"ఏంట్రా?" ఆయాసపడుతూ తిరిగి చూసింది గౌరి.

ఉన్నది చెప్పేద్దామని పైడిరాజు ఒక అడుగు ముందుకేశాడు.

"ఏం లేదు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. చెయ్యి పెట్టకు" అన్నాడు.

ఆవు కుంటుకుంటూ సందు మలుపు తిరిగింది. కర్ర గోడకి ఆనించి గౌరి లోపలికి వెళ్లిపోయింది. పైడిరాజు కారుకి చేరబడి, మొహం రెండు చేతుల్లో కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఇంటి ముందు ఇక ఎన్నాళ్లు బతికినా తనకు నోరు పెగలదని అతనికి అర్థమైపోయింది.

అయ్యవారు అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకున్నారు.

"మూడు నెలలు నా ఎదురుగా కూచున్నావు" అన్నారు. "దెబ్బ ఎలా తగిలిందని నేనూ ఒక్కనాడు అడగలేదు కదరా."